అమెరికాలో పిల్లల మధ్య జాతి గ్యాప్‌ని కొలవడం ఎలా: డేటా దించుకోవడం నుంచి చార్ట్ పెట్టేదాకా

ముందు ఒక చిన్న లెక్క చూడండి. 1950లో అమెరికాలో పుట్టిన ప్రతి 1000 మంది వైట్ పిల్లల్లో ఏడాది నిండకుండానే పోయినవాళ్ళు 26.8 మంది, బ్లాక్ పిల్లల్లో 43.9 మంది. 2022కి వచ్చేసరికి అవి దాదాపు 4.5, 10.9 అయ్యాయి. మరి గ్యాప్ తగ్గిందా పెరిగిందా? తీసివేత చేస్తే 17.1 నుంచి 6.4కి పడింది, అంటే బాగా తగ్గినట్టే. భాగహారం చేస్తే 1.64 రెట్ల నుంచి 2.4 రెట్లకి ఎక్కింది, అంటే పెరిగినట్టే. 1950లో జాతి రాసే పద్ధతి వేరు, వైట్‌లో హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలు కూడా కలిసి ఉన్నారు, అయినా దిశ మాత్రం ఇదే. రెండు లెక్కలూ కరెక్టే, కానీ ఒకాయన మొదటిది మాత్రమే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు, ఇంకొకాయన రెండోది మాత్రమే చెప్పి తిట్టిస్తాడు, వినేవాళ్ళకి మాత్రం ఆ నంబర్ వెనకాల ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారని తెలియదు.

ఈ గైడ్ అంతా ఆ నిర్ణయాల గురించే. ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లోనో పాలసీలోనో మాస్టర్స్ చేస్తున్నవాళ్ళకి, పగలంతా ఆఫీసులో డాష్‌బోర్డులు చేసి సాయంత్రం స్కూల్ బోర్డ్ మీటింగ్‌లకి వెళ్ళే పేరెంట్స్‌కి, నాన్‌ప్రాఫిట్‌లో వాలంటీర్ చేసేవాళ్ళకి ఇది పనికొస్తుంది. ఎక్సెల్ వస్తే చాలు. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే ఇంకా సుఖం, టైడీసెన్సస్ అనే ప్యాకేజ్ సగం పని చేసిపెడుతుంది.

స్టెప్ 1: ప్రశ్నని కుదించండి

"పిల్లల పరిస్థితి ఎలా ఉంది" అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ఏ వయసు పిల్లలు, ఏ ఊరు, ఏ సంవత్సరాలు, ఏ విషయం, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. "మా కౌంటీలో 18 లోపు పిల్లల్లో పేదరికం, 2019 నుంచి 2023" అంటే అది ప్రశ్న.

విషయం దగ్గర ఒక తేడా పట్టుకోవాలి. పిల్లాడికి ఏం జరిగింది అనేది ఒక రకం, పిల్లాడి చుట్టూ ఏం ఉంది అనేది ఇంకో రకం. మన పేరెంట్స్ అందరికీ తెలిసిన ఉదాహరణే తీసుకుందాం, ఎనిమిదో గ్రేడ్‌లో ఆల్జీబ్రా. అసలు ఆ స్కూల్లో ఎనిమిదో గ్రేడ్‌కి ఆల్జీబ్రా క్లాస్ పెట్టారా అనేది ఒక ప్రశ్న. పెడితే అందులో ఎవర్ని కూర్చోబెట్టారు అనేది రెండోది. కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పాసయ్యారు అనేది మూడోది. ఎక్కువమంది మూడోదే కొలిచి "ఫలానా గ్రూప్ పిల్లలు మ్యాథ్స్‌లో వీక్" అని తేల్చేస్తారు, క్లాసే లేని స్కూల్లో పిల్లాడు ఎలా పాసవుతాడండీ? అందుకని ప్రతి ఫలితం పక్కన కనీసం ఒక అవకాశం నంబర్ పెట్టుకోండి. ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సివిల్ రైట్స్ డేటా కలెక్షన్‌లో మొదటి రెండింటికీ స్కూల్ వారీగా నంబర్లు దొరుకుతాయి.

కొలమానం ఏం చూస్తుంది, ఏం చూడదు అనేది కూడా ముందే తెలుసుకోవాలి. 2021లో చైల్డ్ టాక్స్ క్రెడిట్ పెంచారు కదా, ఆరేళ్ళ లోపు పిల్లలకి 3600 డాలర్లు, ఆ పైవాళ్ళకి 3000. ఆ ఏడాది సప్లిమెంటల్ లెక్కలో, అంటే టాక్స్ క్రెడిట్లు, ప్రభుత్వ సాయం కూడా ఆదాయంగా చూసే లెక్కలో, పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది, పథకం ఆగిపోయాక 2022లో 12.4కి ఎగిరింది. అదే రెండేళ్ళలో అఫీషియల్ లెక్క 15.3 నుంచి 15.0కి వచ్చింది, అంటే దానికి ఏం జరిగిందో కూడా తెలియలేదు, ఎందుకంటే అది టాక్స్ క్రెడిట్‌ని ఆదాయంగా లెక్కేసుకోదు. కౌంటీ స్థాయిలో సెన్సస్ టేబుళ్ళలో మీకు దొరికేది ఈ అఫీషియల్ లెక్కే, కాబట్టి దాన్నే వాడండి, కానీ దాని గుడ్డితనం ఒక లైన్‌లో రాయండి. ఇంకోటి, ఇందులో బంధుత్వం లేని ఇళ్ళల్లో ఉండే 15 లోపు పిల్లలు లెక్కలోకే రారు, అంటే ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు చాలామంది జారిపోతారు, అక్కడేమో బ్లాక్, నేటివ్ అమెరికన్ పిల్లలే వాళ్ళ జనాభా వాటా కంటే ఎక్కువ.

స్కూల్ డేటాలో పేదరికానికి బదులు ఫ్రీ లంచ్ శాతం వాడే అలవాటు ఉంది. ఇప్పుడది దాదాపు పనికిరాదు. 2014-15 నుంచి దేశమంతా కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పద్ధతి వచ్చింది, అర్హత ఉన్న స్కూల్లో పిల్లలందరికీ అప్లికేషన్ లేకుండా ఫ్రీగా పెడతారు, 2023లో ఆ అర్హత గీతని (ప్రభుత్వ సాయం పొందే ఇళ్ళ పిల్లలు స్కూల్లో ఎంత శాతం ఉండాలి అనేది) 40 శాతం నుంచి 25కి దించారు కూడా. పిల్లలకి మంచిదే, కానీ స్కూల్ మొత్తం 100 శాతం పేదవాళ్ళలా కనిపిస్తే మన లెక్క గోవిందా.

స్టెప్ 2: జాతి అనే కాలమ్‌ని అనుమానించండి

డేటాలో జాతి కాలమ్ చూడగానే అదేదో హైట్, వెయిట్ లాంటిది అనుకుంటారు కానీ దాని రూల్స్ మారుతూ వచ్చాయి. మన సంగతే చూడండి, 1970 సెన్సస్‌లో ఇండియా నుంచి వచ్చినవాళ్ళని వైట్ కింద లెక్కేశారు, 1980లో కానీ ఏషియన్ ఇండియన్ అనే బాక్స్ రాలేదు. ఫెడరల్ లెక్కలకి రూల్స్ పెట్టే వైట్‌హౌస్ విభాగం ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్ 1997లో పెట్టిన స్టాండర్డ్ ప్రకారం జాతులు ఐదు, హిస్పానిక్ అవునా కాదా అనేది వేరే ప్రశ్న. 2024 మార్చిలో దాన్ని మార్చి రెండు ప్రశ్నల్నీ ఒకటి చేసి, మిడిల్ ఈస్టర్న్ లేదా నార్త్ ఆఫ్రికన్ అనే కొత్త వర్గం చేర్చారు, ఫెడరల్ ఏజెన్సీలకి మొదట 2029 మార్చి దాకా గడువు ఇచ్చారు. అంటే రాబోయే కొన్నేళ్ళు ఒక డేటాలో పాత పద్ధతి, ఇంకో దాంట్లో కొత్తది కనిపించొచ్చు.

ఈ మార్పు వల్ల ట్రెండ్ ఎలా తెగుతుందో 2020లోనే చూశాం. రెండు లేదా అంతకంటే ఎక్కువ జాతులు అని నమోదైనవాళ్ళు 2010లో 90 లక్షలు, 2020లో 3 కోట్ల 38 లక్షలు. పదేళ్ళలో అంతమంది పుట్టుకురాలేదు కదా, ప్రశ్న అడిగే తీరు, జవాబుని కోడ్ చేసే తీరు మారాయి, దాని ప్రభావమే ఎక్కువ. కాబట్టి ఆ వర్గానికి 2020 ముందూ వెనకా కలిపి గీత గీయకండి.

సెన్సస్ వాళ్ళ అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అందరూ ఏసీఎస్ అంటారు, అందులో టేబుల్ నంబర్ చివర ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే వైట్ ఒక్కటే రాసినవాళ్ళు, బి బ్లాక్, సి నేటివ్ అమెరికన్ లేదా అలాస్కా నేటివ్, డి ఏషియన్, ఇ హవాయి, పసిఫిక్ దీవులవాళ్ళు, ఎఫ్ వేరే ఏదో ఒక జాతి, జి రెండు లేదా ఎక్కువ, హెచ్ హిస్పానిక్ కాని వైట్, ఐ హిస్పానిక్. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఏ, హెచ్ దగ్గర. ఏ లో హిస్పానిక్ వైట్ కూడా ఉంటారు కాబట్టి దాన్ని ఐ తో పోలిస్తే అదే పిల్లాడు రెండు వైపులా నిలబడతాడు. పోలికకి హెచ్ తీసుకోండి. బ్లాక్ హిస్పానిక్ పిల్లలు బి లోనూ ఐ లోనూ వస్తారు, దానికి మనం చేయగలిగింది లేదు, ఫుట్‌నోట్‌లో రాయడమే.

ఏషియన్ కాలమ్ గురించి మనవాళ్ళకి గట్టిగా చెప్పాలి. 2019లో ఇక్కడ ఇండియన్ ఇళ్ళ మీడియన్ ఆదాయం దాదాపు 1,19,000 డాలర్లు, బర్మా నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళది 44,400. ఇద్దరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే, ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో సాఫ్ట్‌వేర్ ఇంట్లో పుట్టిన మన పిల్లాడి నంబర్ అడ్డంపడి, శరణార్థిగా వచ్చి మీట్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళ పిల్లాడు కనపడకుండా పోతాడు. తానా సభల్లో "ఏషియన్ పిల్లలు టాప్" అని స్లైడ్ వేసుకుని మురిసిపోయేముందు ఆ కాలమ్‌ని విడగొట్టి చూడటం మర్యాద. రాష్ట్రస్థాయిలో అయితే ఏసీఎస్ మైక్రోడేటాలో (పేర్లు తీసేసిన ఒక్కొక్కరి జవాబులు) వివరంగా విడగొట్టొచ్చు, కౌంటీలో శాంపిల్ సరిపోక కుదరకపోతే "ఏషియన్ అనేది కలగలుపు, లోపల తేడాలు చాలా పెద్దవి" అని రాయండి.

స్టెప్ 3: డేటా ఎక్కడ దించుకోవాలి

పేదరికం, ఇన్సూరెన్స్, ఇంటి అద్దె భారం లాంటివి ఏసీఎస్‌లో. పుట్టుకలు, మరణాలు ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ వండర్ అనే సైట్‌లో. సస్పెన్షన్లు, అడ్వాన్స్డ్ క్లాసులు సివిల్ రైట్స్ డేటా కలెక్షన్‌లో. టెస్ట్ స్కోర్లు స్కూల్ డిస్ట్రిక్టుల మధ్య పోల్చాలంటే స్టాన్‌ఫర్డ్ ఎడ్యుకేషన్ డేటా ఆర్కైవ్, అక్కడ 3 నుంచి 8 గ్రేడ్‌ల రాష్ట్ర పరీక్షలన్నిటినీ ఒకే స్కేల్ మీదకి తెచ్చారు. పిల్లలు పెద్దయ్యాక ఎంత సంపాదించారో ఆపర్చునిటీ అట్లాస్‌లో దొరుకుతుంది, 2018లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి టీమ్, సెన్సస్ బ్యూరో కలిసి పెట్టారు, 1978 నుంచి 1983 మధ్య పుట్టినవాళ్ళని పెద్దయ్యేదాకా వెంటాడి తీసిన లెక్క. అంటే అది ఇప్పటి మీ వీధి లెక్క కాదు, నలభై ఏళ్ళ కింద అక్కడ పెరిగినవాళ్ళది.

శిశు మరణాలకి ఒక జాగ్రత్త. డెత్ సర్టిఫికెట్ మీద జాతి రాసేది సాధారణంగా ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు, కుటుంబాన్ని అడిగో, ఒక్కోసారి చూసో. నేటివ్ అమెరికన్ పిల్లలు ఇలా తరచూ వేరే జాతి కింద పడిపోతారు. పుట్టుక సర్టిఫికెట్‌లో ఒక జాతి, మరణంలో ఇంకో జాతి ఉంటే రేటు తక్కువగా కనిపిస్తుంది. అందుకే పుట్టుక, మరణం జతచేసిన ఫైల్ వేరే ఉంది, అందులో రెండింటికీ తల్లి చెప్పిన జాతే వాడతారు. వండర్‌లో ఆ ఫైల్‌నే ఎంచుకోండి.

సెన్సస్ జనాభానే హారంగా వాడేటప్పుడు అది కూడా తప్పు లేనిది అనుకోవద్దు. 2020 సెన్సస్‌లో బ్లాక్ జనాభా 3.3 శాతం, హిస్పానిక్ జనాభా దాదాపు 5 శాతం తక్కువగా లెక్కకి వచ్చారు, వైట్, ఏషియన్ కొంచెం ఎక్కువగా వచ్చారు. ఐదేళ్ళలోపు పిల్లల్ని మర్చిపోవడం అయితే ప్రతిసారీ ఉన్నదే.

ఫైల్ దించాక ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేయకండి, ఇంపోర్ట్ చేసి కౌంటీ కోడ్ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. లేకపోతే అలబామాలో 01001 అనే కోడ్ 1001 అయిపోతుంది, తర్వాత ఏ ఫైల్‌తోనూ జతకాదు, కాలిఫోర్నియాకీ అంతే. సెన్సస్ ఏపీఐ నుంచి, అంటే ప్రోగ్రామ్‌తో నేరుగా, దించితే కొన్ని గడుల్లో మైనస్ 666666666 లాంటివి కనిపిస్తాయి, భయపడకండి, శాంపిల్ సరిపోక అంచనా వేయలేదు అని దానర్థం. వాటిని ఖాళీ చేయకుండా సగటు తీస్తే మాత్రం కౌంటీ మొత్తం పాతాళానికి పోతుంది.

స్టెప్ 4: హద్దులు ఎక్కడ గీస్తున్నారో చూడండి

ఇది చాలామంది దాటేసే స్టెప్, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మిషిగన్‌లో ఫ్లింట్ కథ గుర్తుందా? బ్లాక్ జనాభా ఎక్కువున్న పేద ఊరు, 2014 ఏప్రిల్‌లో డబ్బు మిగులుతుందని నీళ్ళని ఫ్లింట్ నదికి మార్చారు, పైపుల్లో సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చింది. తల్లులు మొత్తుకుంటున్నా రాష్ట్రం వాళ్ళ దగ్గరున్న రక్త పరీక్షల డేటాలో పెద్ద మార్పు లేదనే అన్నారు. ఎందుకు కనపడలేదు? వాళ్ళు జిప్ కోడ్ వారీగా చూశారు. జిప్ కోడ్ అనేది పోస్ట్‌మ్యాన్ రూట్ కోసం గీసింది, ఊరి హద్దు కోసం కాదు. అడ్రస్‌లో ఫ్లింట్ అని ఉన్న ఇళ్ళలో దాదాపు మూడో వంతు అసలు ఫ్లింట్ సిటీలోనే లేవు, వాళ్ళకి వచ్చేది వేరే నీళ్ళు, మంచి నీళ్ళు. ఆ పిల్లల రిపోర్టులు కలిసేసరికి సీసం పల్చబడిపోయింది, నీళ్ళలో కాదు, ఎక్సెల్‌లో.

ఫ్లింట్‌లో పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా, ఆవిడతో పనిచేసిన జాగ్రఫీ ఆయన కలిసి ప్రతి పిల్లాడి అడ్రస్‌నీ మ్యాప్ మీద పెట్టి, ఫ్లింట్ నీళ్ళు వచ్చే ఇళ్ళని మాత్రమే విడిగా తీశారు. అప్పుడు తేలింది, సీసం ఎక్కువున్న చిన్నపిల్లల శాతం 2.4 నుంచి 4.9కి పెరిగింది, నీళ్ళలో సీసం బాగా ఎక్కువున్న పేటల్లో 4.0 నుంచి 10.6కి. అవే రక్త పరీక్షలు, గీత మాత్రం వేరు.

కాబట్టి జిప్ కోడ్ వాడకుండా ఉండగలిగితే వాడకండి. సెన్సస్ ట్రాక్ట్ వాడండి, అది సెన్సస్ వాళ్ళు లెక్క కోసం గీసిన చిన్న ప్రాంతం, సగటున 4000 మంది ఉంటారు. స్కూల్ విషయమైతే ఏసీఎస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులతోనే డేటా ఉంటుంది. జాతి వారీగా విడగొట్టాలంటే మాత్రం ట్రాక్ట్ చాలా చిన్నది, కౌంటీకో డిస్ట్రిక్ట్‌కో ఎక్కాలి.

గీత గురించే కాబట్టి ఇంకొక్క మాట, రక్తంలో సీసానికి సీడీసీ రిఫరెన్స్ స్థాయి అప్పుడు డెసిలీటర్‌కి 5 మైక్రోగ్రాములు, 2021 అక్టోబర్‌లో 3.5కి దించారు. పాత గీతతో ఒక ఏడాది, కొత్త గీతతో ఇంకో ఏడాది పోలిస్తే పిల్లలు ఒక్కరోజులో జబ్బుపడినట్టు కనిపిస్తుంది.

స్టెప్ 5: రేటు, దాని ఎర్రర్, రెండూ కలిపి తీయండి

ఏసీఎస్‌లో బి17020 టేబుల్ తీసుకోండి, పేదరికం వయసు వారీగా. చివర అక్షరం బి ఒకసారి, హెచ్ ఒకసారి. పిల్లలు మూడు వరసల్లో ఉంటారు, 6 లోపు, 6 నుంచి 11, 12 నుంచి 17. మూడూ కూడితే 18 లోపు పిల్లలు. పక్కనే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ కాలమ్ ఉంటుంది, శాంపిల్ కాబట్టి అంచనా అటూ ఇటూ ఎంత కదలొచ్చో అది చెబుతుంది, దాన్ని అలాగే కూడకూడదు, ఒక్కోదాన్నీ వర్గం చేసి కూడి వర్గమూలం తీయాలి.

ఊహకి ఒక కౌంటీ అనుకుందాం. బ్లాక్ పిల్లలు 3000 మంది, అందులో పేదరికంలో 840. 840కి మార్జిన్ 190, 3000కి మార్జిన్ 260. రేటు 28 శాతం. రేటుకి మార్జిన్ కావాలంటే 190 వర్గం నుంచి, 0.28 వర్గాన్ని 260 వర్గంతో గుణించింది తీసేయండి, వర్గమూలం తీసి 3000తో భాగించండి. దాదాపు 5.8 వస్తుంది. వైట్ పిల్లలు 12,000, పేదరికంలో 2040, 2040కి మార్జిన్ 400, 12,000కి 500. రేటు 17 శాతం, మార్జిన్ 3.3. తేడా 11 పాయింట్లు, తేడాకి మార్జిన్ అంటే 5.8, 3.3ల వర్గాలు కూడి వర్గమూలం, 6.7. తేడా మార్జిన్ కంటే పెద్దది కాబట్టి 90 శాతం నమ్మకంతో గ్యాప్ ఉందని చెప్పొచ్చు. నిష్పత్తి 1.65, దానికీ మార్జిన్ తీస్తే సుమారు 0.47, అంటే అసలు విలువ 1.2 నుంచి 2.1 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇది తెలిశాక "మా కౌంటీలో 1.65 రెట్లు, పక్క కౌంటీలో 1.8, మనమే నయం" అనే మాట మీ నోట రాదు.

అదే కౌంటీలో ఏషియన్ పిల్లల రేటు 12, మార్జిన్ 9 వచ్చిందనుకోండి. వైట్‌తో తేడా 5, మార్జిన్ 9.6. ఇక్కడ ఏమీ చెప్పలేం. చెప్పలేం అని రాయడం వేరు, తేడా లేదు అని రాయడం వేరు, ఈ రెండూ కలిపేస్తే గ్రూప్ ఎంత చిన్నదైతే దాని సమస్య అంత సులువుగా మాయమవుతుంది.

స్టెప్ 6: గ్యాప్‌ని కనీసం రెండు రకాలుగా చెప్పండి

తీసివేత, నిష్పత్తి, రెండూ. ఎందుకో మొదట్లోనే చూశాం. ఏదైనా చెడు విషయం మొత్తంగా తగ్గుతున్నప్పుడు తీసివేత తగ్గడం, నిష్పత్తి పెరగడం చాలా మామూలు. ఒక్కటే ఎంచుకోవడం అంటే జవాబుని ముందే ఎంచుకోవడం. నన్నడిగితే చార్ట్‌లో మొదట ప్రతి గ్రూప్ అసలు రేటు ఉండాలి, గ్యాప్ దాని కింద. వైట్ పిల్లల పరిస్థితి దిగజారినా గ్యాప్ తగ్గుతుంది, దాన్ని విజయం అనుకునేవాళ్ళూ ఉన్నారు.

ఎవరితో పోలుస్తున్నారు అనేది ఇంకో నిర్ణయం. 2022 శిశు మరణాల్లో వైట్‌తో పోలిస్తే బ్లాక్ 2.4 రెట్లు. కానీ అందరికంటే తక్కువ రేటు ఏషియన్ వాళ్ళది, దాదాపు 3.5, దాంతో పోలిస్తే 3.1 రెట్లు. వైట్‌ని కొలబద్దగా పెట్టడానికి చరిత్ర రీత్యా కారణం ఉంది, చాలా విధానాలు వాళ్ళకి అనుకూలంగా రాసుకున్నవి కాబట్టి. ఏది తీసుకున్నా రిపోర్ట్ మొత్తం అదే ఉండాలి, పేజీకో కొలబద్ద పెట్టకండి.

స్కూల్ సస్పెన్షన్ల దగ్గర వాటా పద్ధతి ఎక్కువ వాడతారు. 2017-18లో పబ్లిక్ ప్రీస్కూల్ పిల్లల్లో బ్లాక్ పిల్లలు 18.2 శాతం, కానీ ఒక్కసారైనా సస్పెండై ఇంటికి పంపబడ్డవాళ్ళలో 43.3 శాతం. ప్రీస్కూల్ అంటే మూడు నాలుగేళ్ళ పిల్లలండీ, వాళ్ళని సస్పెండ్ చేయడం ఏంటో! 43.3ని 18.2తో భాగిస్తే 2.38, అంటే వాళ్ళ వాటాకి దాదాపు 2.4 రెట్లు. అదే రిస్క్ రేషియో తీస్తే, అంటే మిగతా పిల్లలందరితో పోలిస్తే, 56.7ని 81.8తో భాగించి దాంతో 2.38ని భాగించాలి, 3.4 వస్తుంది. అవే నంబర్లు, ఒకచోట 2.4, ఇంకోచోట 3.4. వాటా పద్ధతికి ఒక జబ్బు ఉంది, గ్రూప్ పెద్దదైతే నంబర్ పైకి పోలేదు. ఒక స్కూల్లో 60 శాతం బ్లాక్ పిల్లలే ఉంటే, సస్పెండైనవాళ్ళు నూటికి నూరు మంది వాళ్ళే అయినా 1.67 దాటదు. అందుకే స్కూళ్ళ మధ్య పోల్చడానికి రిస్క్ రేషియోనే నయం, స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం కింద 2016లో తెచ్చిన రూల్‌లో కూడా అదే పెట్టారు.

టెస్ట్ స్కోర్లలో "ప్రొఫిషియెంట్ శాతం", అంటే పాస్ గీత దాటినవాళ్ళ శాతం, దాని గ్యాప్ నమ్మకండి. పాస్ గీత మధ్యలో ఉంటే గ్యాప్ పెద్దగా, బాగా కిందో బాగా పైనో ఉంటే చిన్నగా కనిపిస్తుంది, పిల్లలు మాత్రం అక్కడే ఉంటారు. రాష్ట్రం పరీక్ష సులువు చేయగానే గ్యాప్ తగ్గినట్టు అయిపోతుంది. సగటు స్కోర్ల తేడా వాడండి, స్టాన్‌ఫర్డ్ ఆర్కైవ్ ఇచ్చేది అదే.

స్టెప్ 7: చిన్న నంబర్లు

వండర్‌లో 1 నుంచి 9 మధ్య ఉన్న సంఖ్యలు దాచేస్తారు, 20 కంటే తక్కువ మరణాల మీద లెక్కేసిన రేటు నమ్మదగ్గది కాదని గుర్తు పెడతారు. స్కూల్ డేటాలో కూడా ఇలాంటి హద్దులే. ఏళ్ళు కలపండి, పక్క కౌంటీలు కలపండి, కానీ జాతులు కలిపి "ఇతరులు" అని మాత్రం చేయకండి. నేటివ్ పిల్లలు, పసిఫిక్ దీవుల పిల్లలు ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్ళు, ఇద్దరి పరిస్థితీ విడిగా చూస్తే చాలా చెడ్డది, కలిపేస్తే ఎవరి కథా కాదు. మొత్తంలోంచి మిగతావి తీసేసి దాచిన గడిని కనిపెట్టే తెలివి చూపించకండి. చిన్న ఊళ్ళో ఆ గడి అంటే ఒక ఇల్లు.

స్టెప్ 8: రెడీమేడ్ ఇండెక్సులు

రెండు ఎక్కువ కనిపిస్తాయి. చైల్డ్ ఆపర్చునిటీ ఇండెక్స్, ఇది పేటల మీద. 2020 నాటి రెండో వెర్షన్‌లో 29 సూచికలు, 72 వేల ట్రాక్టులు, చదువు ఒకటి, ఆరోగ్యం పర్యావరణం ఒకటి, సామాజిక ఆర్థికం ఒకటి, మూడు భాగాలు, 1 నుంచి 100 స్కోర్. మూడో వెర్షన్‌లో సూచికలు 44. పెద్ద 100 మెట్రోల్లో (నగరం, దాని శివార్లు కలిపిన ప్రాంతాల్లో) మామూలు వైట్ పిల్లాడు ఉండే పేట స్కోర్ 73, హిస్పానిక్ 33, బ్లాక్ 24 అని 2020లో తేలింది. ఈ స్కోర్‌లో జాతి అనేది సూచికగా లేదు, అదే దీని బలం, జాతి పెట్టకుండానే ఇంత తేడా వచ్చింది. దేశంతో, రాష్ట్రంతో, మెట్రోతో పోల్చిన స్కోర్లు వేరువేరుగా ఉంటాయి, ఏది దించారో చూసుకోండి, ఒక మెట్రోలో "చాలా ఎక్కువ" అనిపించుకున్న పేట దేశం లెక్కలో మధ్యస్తమే కావచ్చు. ఇది పేట స్కోర్, పిల్లాడి స్కోర్ కాదు.

రెండోది యానీ ఈ. కేసీ ఫౌండేషన్ వాళ్ళ రేస్ ఫర్ రిజల్ట్స్, 12 సూచికలు, 1000కి స్కోర్. 2014లో ఏషియన్, పసిఫిక్ కలిపి 776, వైట్ 704, లాటినో 404, నేటివ్ 387, బ్లాక్ 345. మీటింగ్‌లో తలలు తిప్పించడానికి బాగుంటుంది, కానీ 345ని 400 చేయాలంటే ఏం చేయాలి అని అడిగితే ఇండెక్స్ చెప్పదు, విప్పి సూచికలు చూడాల్సిందే. నాకైతే ఇండెక్స్ గుమ్మం దాకానే.

స్టెప్ 9: "ఇన్‌కమ్ కంట్రోల్ చేశారా?"

ఈ ప్రశ్న మీటింగ్‌లో కచ్చితంగా వస్తుంది, మనవాళ్ళలో ఎవరో ఒకరే అడుగుతారు. జవాబు రెడీగా పెట్టుకోండి. ఎంత గ్యాప్ ఉంది అనేది ఒక ప్రశ్న, దానికి కంట్రోల్ అక్కర్లేదు, పిల్లాడు బతికేది కంట్రోల్ చేసిన ప్రపంచంలో కాదు. ఎందుకు ఉంది అనేది రెండో ప్రశ్న, అక్కడ ఆదాయం ఒక దారి. 1930ల్లో ఫెడరల్ హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ మ్యాపుల్లో బ్లాక్ పేటలకి లోన్ ఇవ్వడం రిస్క్ అని ఎర్రరంగు పూశారు, బ్లాక్ కుటుంబాలకి ఇంటి లోన్లు దొరకడమే గగనమైంది, 1968 దాకా ఇళ్ళ అమ్మకంలో వివక్షని ఆపే ఫెయిర్ హౌసింగ్ చట్టమే లేదు. అలా తగ్గిన ఆస్తిని, ఆదాయాన్ని "కంట్రోల్" చేసేస్తే జరిగినదాన్ని సగం చెరిపేసి మిగతా సగమే గ్యాప్ అన్నట్టు.

పైగా కంట్రోల్ చేసినా పోదు. చెట్టి, హెండ్రెన్, జోన్స్, పోర్టర్ 2018లో చూపించింది ఇదే, తల్లిదండ్రుల ఆదాయం ఒకేలా ఉన్న బ్లాక్, వైట్ మగపిల్లల్ని ఒకే ట్రాక్ట్‌లో పోల్చినా 99 శాతం ట్రాక్టుల్లో బ్లాక్ పిల్లలు పెద్దయ్యాక తక్కువ సంపాదించారు. ఆడపిల్లల్లో మాత్రం సొంత సంపాదనలో తేడా దాదాపు లేదు. కాబట్టి ముడి గ్యాప్ ఒకటి, ఆదాయం సరిచేసిన గ్యాప్ ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టండి, వీలైతే ఆడ, మగ విడగొట్టండి.

స్టెప్ 10: చూపించడం

చార్ట్ హెడ్డింగ్‌లో "బ్లాక్ పిల్లలు వెనకబడ్డారు" అని రాస్తే చదివినవాళ్ళు పిల్లల్లో లోపం వెతుకుతారు. "ఈ డిస్ట్రిక్ట్ బ్లాక్ ప్రీస్కూల్ పిల్లల్ని మిగతావాళ్ళకంటే ఇన్ని రెట్లు ఎక్కువ సస్పెండ్ చేస్తోంది" అని రాస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. శాతం పక్కన మనుషుల సంఖ్య కూడా వేయండి, పైన మన ఊహా కౌంటీలో రేటు సమానమైతే పేదరికం నుంచి బయటపడేది 330 మంది బ్లాక్ పిల్లలు, బోర్డ్ మెంబర్‌కి 11 పాయింట్ల కంటే ఆ 330 బాగా గుర్తుంటుంది. బార్ మీద ఎర్రర్ గీతలు ఉంచండి, డిజైనర్ బాగోలేదన్నా సరే. స్కూల్ వాళ్ళు రికార్డు చేయకుండా "ఈరోజుకి ఇంటికి తీసుకెళ్ళండి" అని ఫోన్ చేసి పంపేసినవి ఏ డేటాలోనూ ఉండవు, అవి ఆ పేరెంట్స్‌కే తెలుసు, చార్ట్ అచ్చేసే ముందు వాళ్ళకి చూపించండి.

ఒక నోట్స్ ఫైల్ పెట్టుకోండి: ఏ టేబుల్, ఏ అక్షరం, ఏ ఏళ్ళు, ఏ తారీఖున దించారు, ఏ గడులు ఖాళీ, కొలబద్ద ఎవరు. కొత్త ఐదేళ్ళ ఏసీఎస్ మామూలుగా డిసెంబర్‌లో వస్తుంది. ఒక్క ఏడాది కూడా కలవని రెండు ఫైళ్ళనే పోల్చండి, 2014-18ని 2019-23తో పోల్చొచ్చు, 2018-22ని 2019-23తో పోలిస్తే నాలుగేళ్ళ డేటా రెండిట్లోనూ ఒకటే. కనెక్టికట్‌లో ఉండేవాళ్ళకి ఇంకో తలనొప్పి, 2022 ఏసీఎస్ నుంచి అక్కడ 8 కౌంటీలు తీసేసి 9 ప్లానింగ్ రీజియన్లు పెట్టారు, కోడ్‌లు కూడా కొత్తవి, పాతవాటితో జతచేయాలంటే టౌన్ స్థాయి నుంచి మళ్ళీ కూడుకుంటూ రావాలి.